శిఖం నేల మీద పచ్చగడ్డి

నిజాంపేటలోని మా బడి మైదానంలో గడ్డి మొలవదు. అంతా మొరం. అక్కడ ఫుట్‌బాల్ ఆడిన వాళ్ళను మోకాళ్ళు చూసి గుర్తుపట్టవచ్చు. అయినా ఆ సంవత్సరం హైస్కూళ్ళ ఫుట్‌బాల్ పోటీలు అక్కడే జరగాలని నా పంతం. ప్రధానోపాధ్యాయినిగా ఉన్నప్పుడు నేను దగ్గరుండి బండలు తీయించి చదును చేయించిన నేల అది. రిటైరయ్యాక కూడా నాదేననుకునే జబ్బు నాకుంది. వేదిక కోసం మాతో పోటీకి వచ్చింది మాదాపూర్‌లో కొత్తగా వెలసిన ఒక బడి. దాని ప్రిన్సిపాల్ సుశీల ఒకప్పుడు నా దగ్గర పనిచేసింది. ఆమెకు పాఠ్యపథకం రాయడం నేర్పింది నేనే. అంత బాగా నేర్పకుండా ఉండాల్సింది. వేదిక ఎంపిక చేసే కమిటీలో యాదగిరి సారూ నేనూ ఉన్నాం. సొంత బడి బరిలో ఉండగా నేను కమిటీలోకి ఎలా వచ్చానని అడగకండి. అప్పట్లో అడిగిన వాళ్ళకే జవాబు చెప్పలేదు.

ఇది తొంభైల చివరి మాట. హైటెక్ సిటీ అప్పుడే లేస్తోంది. జూన్ నెలలో ఒక ఉదయం ఎనిమిదింటికి బయలుదేరి కూకట్‌పల్లి దాకా బస్సులో, అక్కడి నుంచి ఆటోలో వెళ్ళాం. ఆటో అతను అరవై అడిగాడు.

"రోడ్డు జర ఖరాబుందమ్మా."

"నడుము నాది. ఆ లెక్కన నువ్వే నాకివ్వాలి."

"గుండ్రం బిల్డింగు కాడికా? కంప్యూటర్ నేర్వనీకి పోతున్నరా?"

"కాదు, ఫుట్‌బాల్ ఆడటానికి."

"ఇగ మీరే ఆడాలె," అంటూ అరవైకే బండి తీశాడు. తిరుగు ప్రయాణానికి ఆ దారిలో ఆటోలు దొరకవని అతన్నే ఆపి ఉంచాం.

బండరాళ్ళు, తుమ్మచెట్లు, మట్టిరోడ్డు, ఉన్నట్టుండి ఆ గుండ్రటి గాజు భవనం. దాన్ని దాటి కాస్త లోపలికి వెళితే సుశీల బడి. దానికీ నీలం అద్దాలే. కంప్యూటర్ గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళాలట; మా బడిలో చెప్పులు విప్పేది సరస్వతీపూజ రోజు మాత్రమే. ఇవన్నీ ఓర్చుకున్నాను. వెనక ఉన్న మైదానాన్ని ఓర్చుకోలేకపోయాను. ఒక్క మంచి వాన కూడా పడని జూన్‌లో చాప పరిచినట్టు పచ్చగడ్డి. ఎవరూ చూడనప్పుడు చెప్పు తీసి ఒక పాదం పెట్టాను. చల్లగా ఉంది. నాకు ఒళ్ళు మండింది.

"నీళ్ళు పెట్టడానికి ఎంతమందిని పెట్టావే?"

"ఎవరూ లేరండీ. దానంతట అదే పెరుగుతుంది. ఈ జాగా లీజుకిచ్చినాయన చెప్పాడు, ఇది శిఖం భూమట. అంటే ఊళ్ళో అన్నిటికన్నా ఎత్తు కదండీ. అందుకే ఆ పేరు పెట్టాం," అంటూ సుశీల బోర్డు చూపించింది. 'శిఖర మైదానం' అని ఎర్ర రంగుతో గుండ్రటి అక్షరాలు. ఆ శిఖరాన్ని చేరడానికి మేము మెట్లు దిగి వచ్చాం.

యాదగిరి సారు నా వైపు చూశారు. ఆయనది శంకరపల్లి, శిఖం అన్న మాట ఆయనకు కొత్త కాదు. నేను రెవెన్యూ ఉద్యోగి భార్యని కనుక నాకూ కొత్త కాదు. తెనాలి నుంచి వచ్చిన సుశీలకే కొత్త. నేను నోరు మూసుకుంటే పోటీలు ఆమెకు పోతాయి. విప్పితే మా బడికి వస్తాయి, కానీ ఓర్వలేక అన్నానంటారు. ఓర్వలేకపోవడం నిజమే. శిఖం సంగతీ నిజమే.

"సుశీలా, శిఖం అంటే శిఖరం కాదు. చెరువు నిండితే నీళ్ళు నిలిచే నేల. అడుగున తడి ఆరదు, అందుకే ఈ గడ్డి."

సుశీల మొహం చిన్నబోయింది. "మీకు నేను చేసిందేదీ నచ్చదండీ. అప్పుడూ అంతే."

"మేడం చెప్పింది కరెక్టే," అన్నారు సారు, సుశీల ఇప్పించిన టీ కప్పులోకి చూస్తూ. "ఆటలు ఆగస్టుల గదమ్మా. అప్పుడు గీడ ఫుట్‌బాల్ గాదు, పడవల పందెం పెట్టాలె. నిజాంపేటలనే పెడదాం."

సుశీల బోర్డు వైపు తిరిగింది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వింది; గోడ పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వింది. "అక్షరాలు నేనే రాశానండీ, కుర్చీ ఎక్కి మరీ," అంది. తర్వాత లోపలికి వెళ్ళి కొత్త గోల్ నెట్లు పట్టుకొచ్చి నా చేతుల్లో పెట్టింది. "మీ గోల్ కర్రలకు వలల్లేవుగా, తీసుకెళ్ళండి మేడం."

తిరుగు దారిలో ఆ నెట్లు నా ఒళ్ళోనే ఉన్నాయి. ఆటో అతను అద్దంలోంచి చూశాడు. "చేపలు పట్టనీకా అమ్మా?"

"చెరువులోంచే వస్తున్నాం," అన్నాను.

పోటీలు మా మొరం మీదే జరిగాయి. నేను కోరుకున్నదే దొరికింది. వాన పడిన గంటలో ఆరిపోయే మా నేలను అందరూ మెచ్చుకుంటుంటే నా చూపు మాత్రం ఆ తెల్లటి వలల మీదే ఉంది. గడ్డి మీద అసూయ ఆగస్టులో నీళ్ళ కింద మునిగిపోయింది. మా ముందే తన తప్పు తెలిసినా సుశీల అలా నవ్వగలగడం మీద పుట్టిన అసూయకు మాత్రం ఏ వానాకాలమూ రాలేదు. అది నేను నేర్పింది కాదు. నాకు రాదు కూడా. ఇక ఆటలకు చోటు వెతుకుతూ ఆ వైపు వెళ్ళేవారికి నా సలహా ఒక్కటే: జూన్‌లో గడ్డి పచ్చగా ఉంటే మురిసిపోకండి, ఆ నేలను ఊరివాళ్ళు ఏమంటారో అడగండి, ఆ మాటకు అర్థం కూడా వాళ్ళనే అడగండి.