అక్క వెబ్‌సైట్‌లో ఒక టిక్కు

మా అక్క కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. చప్పుడు వింటే చాలు, నూనె తక్కువైందో బెల్టు వదులైందో చెప్పేస్తుంది. ఇంట్లో మనిషి విషయంలో మాత్రం ఆ చెవి పనిచేయలేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కూతురు హాస్టల్లో చేరాక అక్క బజారు వీధిలో, మెట్ల కింద ఒక ఇరుకు గది అద్దెకు తీసుకుని పని మొదలుపెట్టింది. రవాణా కంపెనీలో ఉద్యోగం చేసే బావ, సెలవురోజున కూర్చుని వెబ్‌సైట్ తయారుచేశాడు. అడిగింది అక్కే. మొదటి పేజీలోనే ఆమె ఫొటో. చేతిలో స్క్రూడ్రైవర్, ముక్కు మీద నూనె మరక, నోరారా నవ్వు. బావ పంపిన లింకు నొక్కి చూసి చుట్టాలందరం తెగ మురిసిపోయాం. మేం బోల్తా పడింది అక్కడే. లింకు నొక్కితే ఎప్పుడైనా తెరుచుకుంటుంది. మనమెవరో తెలియని మనిషి ‘కుట్టుమిషన్ రిపేరు’ అని వెతికితే వస్తుందా రాదా అని ఒక్కరమూ చూడలేదు. ఇంతమందిమి ఉండి ఏం లాభం?

ఫోన్లు రాలేదు. తన రాతలోనే లోపముందనుకుంది అక్క. సూది ఎందుకు విరుగుతుంది, దారం ఎందుకు చిక్కుపడుతుంది అంటూ పేజీ మీద పేజీ రాసింది. పక్కన కూర్చుని తప్పులు దిద్దింది బావే. “భలే రాశావు,” అని మెచ్చుకునేవాడు కూడా. రెండేళ్ళు ఇలాగే గడిచాయి. తెలిసినవాళ్ళ మిషన్లు తప్ప కొత్తది గుమ్మం తొక్కలేదు. చివరికి గది ఖాళీ చేస్తానని యజమానికి చెప్పేసి, “నాకు చేతకాదులేవే,” అంది నాతో. అక్క నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

మా ఆఫీసులో వెబ్‌సైట్లు చూసే పొడుగాయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన అక్క కంప్యూటర్లో సెట్టింగులు తెరిచి ఒక గడి చూపించాడు. సెర్చ్ ఇంజిన్లకు ఈ సైటును చూపించవద్దు అని ఉందక్కడ. దానికి టిక్కు పెట్టి ఉంది.

“తయారుచేసేటప్పుడు పెట్టి, తీయడం మరిచిపోతారు మేడమ్. చాలామందికి జరిగేదే,” అన్నాడాయన.

అక్క పకపకా నవ్వింది. “మా ఆయన మతిమరుపు మీకు తెలియదు,” అంటూ తనే టిక్కు తీసేసింది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఫోన్లు మొదలయ్యాయి. ఒకామె ఆటోలో రెండు మిషన్లు వేసుకొచ్చింది. అక్క గొంతు మారిపోయింది. గది ఉంచుకుంటానని యజమానిని బతిమాలుకుంది. ఆయన సరేనన్నాడు.

అంతలో ఫోన్లు మళ్ళీ ఆగిపోయాయి. నా ఫోన్లో వెతికి చూస్తే అక్క పేరు ఎక్కడా లేదు. పరుగున అక్క ఇంటికి వెళ్ళి ఆ సెట్టింగు తెరిపించాను. గడిలో టిక్కు ఉంది.

“నువ్వేమైనా నొక్కావా?” అన్నాను.

అక్క తల అడ్డంగా ఊపింది. పాస్‌వర్డు తెలిసింది ఇద్దరికే. అక్క మౌస్ మీద చెయ్యి పెట్టి అలాగే కొయ్యబారిపోయింది.

బావ ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుండగానే అక్క అడిగేసింది.

“ఆ టిక్కు మీరే పెట్టారా?”

బావ బుకాయించలేదు. అదే నాకు ఇంకా దిమ్మ తిరిగిపోయేలా చేసింది.

“నీ ఫొటో ఉంది కదా. ఎవరెవరో చూస్తారు. మా ఆఫీసులోవాళ్ళు కూడా,” అన్నాడు నెమ్మదిగా.

“ఫొటో తీసేయమంటే తీసేసేదాన్నిగా.”

“ఫొటో ఒక్కటే కాదులే. కొన్నాళ్ళు చూసి నువ్వే మానేస్తావనుకున్నాను.”

“మరి నా రాతలు దిద్దారెందుకు?”

“అంత ఉత్సాహంగా రాస్తుంటే కాదనలేకపోయాను.”

ఎవరికీ కనబడకుండా తనే దాచిన పేజీలకు ఆ మనిషి రెండేళ్ళు కామాలు, చుక్కలు సరిచేశాడు. నేను గయ్యిమని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. అరిచి గోల చేసినా బాగుండేది. నేరుగా వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుని టిక్కు తీసేసింది, పాస్‌వర్డు మార్చేసింది.

ఇప్పుడు ఆ ఇరుకు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు, అన్నీ మిషన్లే. బావ మాత్రం తప్పు చేసిన పిల్లాడిలా ఇల్లంతా తిరుగుతూ, కనబడ్డ పనల్లా నెత్తిన వేసుకుంటున్నాడు. మొన్న ఉండబట్టలేక అడిగాను.

“ఆయనతో ఎలా ఉంటున్నావే?”

అక్క బాబిన్‌కు దారం చుడుతూ, తలెత్తకుండా చెప్పింది.

“మాట్లాడుతూనే ఉన్నానే. కానీ కూర బాగుందన్నా నమ్మబుద్ధి కావడం లేదు.”