పిచ్చి కాదు బాబాయ్, పిచ్! రేపల్లె స్టేడియంలో మా కార్తీక భోజనం

కార్తీక మాసంలో ఒక ఆదివారం వనభోజనానికి వెళ్ళకపోతే మా వీధి వాళ్ళకి తిన్నది అరగదు. తెనాలి నుంచి బాపట్ల వెళ్ళి, సూర్యలంక సముద్రానికి ఇవతల సరుగుడు తోటలో వండుకు తినడం ఏటా అలవాటు. ఈసారి ఆ ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయి. "రత్నా, నువ్వైతేనే చెయ్యగలవే" అని అందరూ అంటే పొంగిపోయి ఒప్పుకున్నాను. నన్ను మునగచెట్టు ఎక్కించారని తరవాత తెలిసింది. మనిషికి రెండు వందల చొప్పున వేసుకుని బస్సు మాట్లాడి, పొద్దున్న ఆరింటికల్లా బయల్దేరాం. గిన్నెలు, కట్టెలు, అరిటాకులతో పాటు కుండీలో ఒక ఉసిరి మొక్క కూడా ఎక్కింది. ఉసిరి చెట్టు కింద తింటేనే పుణ్యం. సరుగుడు తోటలో ఆ చెట్టెక్కడ దొరుకుతుంది? అందుకే చెట్టుని మేమే వెంటబెట్టుకు తిరుగుతాం.

పొన్నూరు మీదుగా బాపట్ల చేరేసరికి ఏడున్నర దాటింది. బీచ్ రోడ్డుకి అడ్డంగా తాడు కట్టి ఉంది. "సముద్రం బాలేదమ్మా, ఇవాళ ఎవర్నీ పంపట్లేదు" అన్నాడు అక్కడి కానిస్టేబుల్. రెండు రోజుల వానకి తోటలో కూడా నీళ్ళు నిలిచాయట. తానొకటి తలిస్తే దైవమొకటి తలచిందంటే ఇదే. బస్సులో నలభై మంది మొహాలూ నా వైపే తిరిగాయి. పిల్లలు ఏడుపు మొదలెట్టారు. ఇంటికి తిరిగి వెళ్తే ఏడాదంతా నన్ను దెప్పుతారని నా భయం నాది.

అప్పుడు డ్రైవరు కోటేశ్వరరావు వెనక్కి తిరిగాడు. "అక్కా, రేపల్లెలో స్టేడియం చూసుకునే మస్తాన్ నాకు తెలుసు. వానలు తగ్గేదాకా అక్కడ ఆటలుండవ్. ఈ ఖాళీ రోజుల్లో ఊళ్ళో వాళ్ళ ఫంక్షన్లకి ఇద్దామనుకుంటున్నారంట. అడగమంటారా?"

"స్టేడియంలో వనభోజనమేంటయ్యా?"

"చుట్టూ వేపచెట్లు, గ్యాలరీ కింద నీడ, కుళాయి నీళ్ళు. ఉసిరి చెట్టు మీ దగ్గరే ఉందాయె. ఇంకేం కావాలక్కా?"

నిజమే అనిపించి ఫోన్ చేయించాను, రమ్మన్నారు. చెరుకుపల్లిలో ఆగి టిఫిన్ చేశాం. ప్లేటు ఇడ్లీ ముప్పై రూపాయలు, అల్లం పచ్చడి అడిగినంత వేశారు. దారిలో గుంతలున్నా రెండు వైపులా వరి చేలు చూస్తుంటే కుదుపులు తెలియలేదు. పది కాకముందే రేపల్లెలో దిగాం.

మస్తాన్‌కి యాభై ఏళ్ళుంటాయి. గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ నమస్కారం పెట్టి లోపలికి పంపాడు. నన్ను మాత్రం పక్కకి పిలిచాడు. "అమ్మా, బయటోళ్ళకి ఇవ్వడం ఇదే మొదలు. స్టేడియం సెక్రటరీ గారు నా మాట మీద ఒప్పుకున్నారు. సాయంత్రం వచ్చి చూస్తానన్నారు. మీరు గ్రౌండు పాడుచెయ్యకుండా వెళ్తే, వచ్చే నెల మా అబ్బాయి పెళ్ళి, వలీమా విందు కూడా ఇక్కడే చేసుకోనిస్తానన్నారు. మా ఇంటి ముందు నాలుగు కుర్చీలకి కూడా చోటు లేదండి." తరవాత అందరికీ వినబడేలా గట్టిగా చెప్పాడు. "ఎక్కడైనా కూర్చోండి, పిచ్చి జోలికి మాత్రం ఎవరూ వెళ్ళద్దు!"

మా పక్కింటి సుబ్బారావు బాబాయ్‌ది నందివెలుగు. యాభై ఏళ్ళు వ్యవసాయం చేసిన చెయ్యి, కాస్త వినబడని చెవి. గాడిపొయ్యి తవ్వి కట్టెల మీద వండకపోతే అది కార్తీక వంటే కాదంటాడు. వేపచెట్ల కింద ఇటుకలతో పొయ్యి పేర్చమని మస్తాన్ చూపించాడు, మేం కూరగాయలు తరగడంలో పడ్డాం. ఇంతలో "యా అల్లా!" అని మస్తాన్ కేక. తలెత్తి చూస్తే గ్రౌండు మధ్యలో బాబాయ్, చేతిలో గునపం. గ్రౌండంతా తడిగా ఉంటే, ఆ పూటే పైన కప్పిన పట్టా తీసి ఆరబెట్టిన పిచ్ ఒక్కటే పొడిగా, నున్నగా కనబడింది. అక్కడ ఒక పోటు పొడిచేశాడు. నేను పరుగెత్తాను.

"ఏంటి బాబాయ్ ఇది? పిచ్చి జోలికి వెళ్ళద్దన్నాడుగా!"

"వెళ్ళలేదే అమ్మాయ్! ఆ పిచ్చోడెక్కడున్నాడో అని ఇందాకట్నించీ చూస్తానే ఉన్నా. ఇదేదో కళ్ళంలాగా చక్కగా ఉంటేనూ..."

మస్తాన్‌కి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పిచ్చోడు కాదు బాబాయ్ గారూ, పిచ్! క్రికెట్టాడే చోటు! మా వాడి పెళ్ళి విందు ఇంకెక్కడ చెయ్యను నేను?" అంటూ గోతి పక్కనే కూలబడ్డాడు. అరచెయ్యి పట్టేంత గొయ్యి. బాబాయ్ మొహం నల్లబడింది. గోతిలో చెయ్యి పెట్టి మట్టి నలిపి చూశాడు. "నల్లమట్టి ఉందా నీ దగ్గర?" అన్నాడు.

షెడ్డు వెనక కుప్ప ఉంది. పిచ్ కోసం తెచ్చిన మట్టే. బాబాయ్ పంచె ఎగ్గట్టి, గడ్డలు చిదిపి, జల్లించి, నీళ్ళు చిలకరించడం మొదలెట్టాడు. "ఇంకాసిని పొయ్యండి" అన్నాడు మస్తాన్. "వద్దు, ఎక్కువైతే పగులుద్ది." "తక్కువైతే లేచిపోద్దండి." అలా వాదించుకుంటూనే పొర మీద పొర వేసి దిమ్మిసతో కొట్టారు. ఏటా కళ్ళం చేసిన మనిషికి, ఏటా పిచ్ చేసే మనిషికి ఆ మట్టి ఒకటే. గంటన్నరకి మస్తాన్ మడమతో నొక్కి చూసి, "పొడిచింది మీరే, బాగుచేసిందీ మీరే బాబాయ్ గారూ" అన్నాడు. ఇద్దరూ ఒకే పంక్తిలో పప్పుచారు, వంకాయ కూర తిన్నారు. ఉసిరి కుండీ వాళ్ళ మధ్యనే పెట్టాం.

నాలుగింటికి సెక్రటరీ వచ్చారు. ఎవరూ అడక్కముందే బాబాయ్ ఎదురెళ్ళాడు. "నేనే పొడిచానండి. ఈయన తప్పేం లేదు." ఆయన వంగి, బొటనవేలితో నొక్కి చూశారు. "రెండు రోజులు ఆరనిద్దాం. బంతి సరిగ్గా లేస్తే విందు సంగతి చూద్దాం" అన్నారు. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చి, ఆకులన్నీ సంచులకెత్తి, ఐదింటికి బయల్దేరి ఆరున్నరకి తెనాలి చేరాం. రైల్లో వచ్చేవాళ్ళకి తెనాలి నుంచి రేపల్లెకి నేరుగా పాసింజరు ఉంది.

ఆ రెండు రోజులూ నాకు అన్నం సయించలేదు. మంగళవారం సాయంత్రం మస్తాన్ ఫోన్ చేశాడు. "అమ్మా, బాబాయ్ గారిని కూడా పిలవండి. ఇద్దరూ వినండి." స్పీకరు పెట్టి బాబాయ్ మంచి చెవి దగ్గర పట్టుకున్నాను. టక్. మళ్ళీ టక్. "బంతి మోకాలి దాకా లేచిందండి! సెక్రటరీ గారు సరేనన్నారు. వలీమాకి మీ వీధంతా రావాలి!" అమ్మయ్య! బాబాయ్ కండువాతో కళ్ళు తుడుచుకుని, "పిచ్చోడు దొరికాడే అమ్మాయ్, నేనే" అన్నాడు.

ఆటలు లేని రోజుల్లో అంత పెద్ద స్థలానికి తాళం వేసి ఉంచడం కంటే ఇలా నలుగురికీ పనికిరావడం ఎంత మేలో నాకు ఇప్పుడు తెలిసింది. కానీ ఆ తలుపు తెరిచేది మస్తాన్ లాంటి ఒక్క మనిషి మాట. ఆ మాట పోతే తరవాత వచ్చేవాళ్ళకి గేటు కూడా తెరుచుకోదు. మీరూ వెళ్తుంటే నాదొక్కటే సలహా. ఎక్కడ తవ్వకూడదో నోటితో చెప్తే సరిపోదు, వెంట నడిచి చూపించమనండి. మీ బాబాయ్‌ని ముందు నడిపించండి.