మా ఇంట్లో నిషేధించిన ఇంగ్లీషు మాట

అరకు వచ్చే టూరిస్టులు బొంగులో చికెన్ చూసినా "ఓ మై గాడ్" అంటారు. ఏళ్ల తరబడి నాకు ఒళ్లు మంట. ప్రార్థనలో పిలవాల్సిన పేరది. అందుకే మా ఇంట్లో ఆ మాట ఎవరన్నా మోకరించి ప్రార్థన చెయ్యాలని రూలు పెట్టాను.

ఈ ఉదయం తోటకి వెళ్లాను. పోయిన వారం వానకి కాఫీ మొక్కలన్నీ ఒక్కసారే తెల్లగా పూసేశాయి. ఆ మాట నా నోటి నుంచే వచ్చేసింది. వెనకే మనవరాలు.

"తాతా, బేగి మోకరించు!"

"నాను నిజంగానే దేవుణ్ణి పిలిసినానే గుంటా!"

"ఆళ్లూ నిజంగానే పిలుత్తారేమో, నీకేటి తెలుసు?"

మోకరించకపోతే ఆదివారం పాస్టరుగారికి చెప్పేస్తానంటోంది. ఇంగ్లీషు చదివినవాళ్లు చెప్పండి, ఆ మాట మొదట పుట్టింది ప్రార్థనగానా, ఆశ్చర్యంగానా? శనివారం సాయంత్రంలోగా తేల్చాలి. అంతవరకు నేను మోకరించేది లేదు.