బొంబాయి గొంతుని ఇంటికి పంపిన రోజు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మాదాపూర్ వైపు బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న కాలం. ఎర్రగడ్డలో మా వీధి గోడలన్నీ కంప్యూటర్ కోర్సుల ప్రకటనలే. బంజారా హిల్స్‌లో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన ఏడాదికే నన్ను మూడు వారాలు సింగపూర్ పంపారు. (పంపింది బిల్లులు సరిగ్గా ప్రింటవుతున్నాయో లేదో చూసి రమ్మని. ఈ సంగతి మా ఇంట్లో ఇప్పటికీ చెప్పలేదు.) తిరిగొచ్చాక ఎన్నికల మీద, ఫ్లైఓవర్ల మీద, మన ఎయిర్‌పోర్టులో సామాను తిరిగే బెల్టు మీద, అన్నిటి మీదా నా దగ్గర అభిప్రాయం సిద్ధంగా ఉండేది. అడిగేవాడు లేకపోయినా చెప్పేవాణ్ణి. మా అమ్మ పప్పులో ఉప్పెక్కువైందని కూడా సింగపూర్‌తో పోల్చి చెప్పేవాణ్ణి.

అయితే నా అసలు కోపమంతా పాటల మీద. తెలుగు పాటల పిచ్చివాళ్ళు పోగయ్యే వెబ్‌సైటొకటి ఉండేది. ఆఫీసు పని పక్కన పెట్టి రోజుకొకరిని అందులో ఉతికి ఆరేసేవాణ్ణి. సంగీత దర్శకుడు ట్యూన్లు కట్టడానికి బ్యాంకాక్ వెళ్ళాడని తెలిస్తే, ఫిల్మ్ నగర్‌లో పుట్టని ట్యూను అక్కడ కొబ్బరినీళ్ళు తాగితే పుడుతుందా అని రాసేవాణ్ణి. పాట తీయడానికి మంచుకొండలకు పోతే హీరోకి కోటు మీద కోటు, హీరోయిన్‌కి పల్చటి చీర, ఆ పిల్లకి జలుబు చేస్తే కషాయం ఎవరు కాస్తారని అడిగేవాణ్ణి. ఆడియో ఫంక్షన్లయితే మరీ ఘోరం. ఒక పెద్ద అట్టపెట్టెకు రంగు కాగితం చుట్టడం, దాన్ని చించడానికి ఇరవై మంది వేదికెక్కడం, లోపలున్న క్యాసెట్టు పట్టుకుని, ఒక్క పాటా వినకుండానే పాటలు అదిరిపోయాయనడం. వీటన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది బొంబాయి గాయకుల సంగతి. తెలుగు ముక్క రానివాళ్ళని విమానంలో దింపి పాడిస్తే, వింటున్నంతసేపూ అన్నంలో రాళ్ళొచ్చినట్టుండేది. రెండు స్వరాలు వినిపిస్తే చాలు, పాడిందెవరో, ఏ ఊరివాడో చెప్తానని నాకు నేనే బిరుదిచ్చుకున్నాను.

మా బావ (మేనత్త కొడుకు) అప్పటికి నాలుగేళ్ళుగా కృష్ణానగర్‌లో, ఇద్దరు డాన్సర్లతో కలిసి ఒక ఇరుకు గదిలో ఉంటూ ట్రాకులు పాడేవాడు. అంటే అసలు గాయకుడు వచ్చేలోపు పాటను ముందుగా పాడి పెట్టేవాడు. పెద్దాయన వచ్చి, అది విని, నేర్చుకుని పాడగానే బావ గొంతు చెరిపేస్తారు. ఎప్పుడో ఒకసారి నిర్మాతకి ట్రాకే నచ్చితే దాన్నే ఉంచేస్తారు. ఆ ఎప్పుడో ఒకసారి కోసమే బావ బతుకుతున్నాడు. మొదట్లో ఒక పాట ఖాయమన్నారని ఇంటికి చెప్తే, మా అత్త ఊరంతా లడ్డూలు పంచింది. తీరా క్యాసెట్టులో వేరే ఆయన గొంతొచ్చింది. అప్పట్నుంచి ఏం పాడుతున్నాడో ఎవరికీ చెప్పడం మానేశాడు.

ఒకరోజు ఫిల్మ్ నగర్ నుంచి నాకు ఫోనొచ్చింది. నా రాతలు చదివి మురిసిపోయిన ఒక ఆడియో కంపెనీ ఓనరు గారు రమ్మంటున్నారు. నేను సెలవు పెట్టి, ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. ఆయన కృష్ణా జిల్లా మనిషి, చాలా మర్యాదస్తుడు. ఫిల్టర్ కాఫీ ఇచ్చి, "పాట ఒకటేనండీ, గొంతులు రెండున్నాయి. మా ప్రొడ్యూసర్ గారు మొదటిది ఉంచుదామంటారు, మ్యూజిక్ డైరెక్టర్ గారు రెండోది అంటారు. ఇప్పుడు సీడీలు కొనేదంతా మీ సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళేగా, మీరు చెప్పండి. ఎవరు పాడారో మాత్రం చెప్పనండోయ్" అన్నారు.

మొదటి గొంతు మొదలైన అరనిమిషానికే చెయ్యెత్తి ఆపించాను. (చివరిదాకా వినాల్సిన పని నాకేముంది?) "వీడు బొంబాయివాడండీ. తెలుగు మాటల్ని వేడి బజ్జీ నోట్లో పెట్టుకున్నట్టు పలుకుతున్నాడు" అన్నాను. రెండో గొంతు స్పష్టంగా, పద్ధతిగా ఉంది. "ఇదీ మన కుర్రాడి గొంతంటే. ఇలాంటివాళ్ళని పక్కన పెట్టి పైవాళ్ళని నెత్తినెక్కించుకోవడం వల్లే మన పాట ఇలా తగలడింది" అని పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఓనరు గారు అంతా విని, ఎవరికో ఫోన్ చేసి, "రెండోదే ఖాయం చేసేయండి" అన్నారు. వినిపించిన క్యాసెట్టు గుర్తుగా ఉంచుకోమని నాకే ఇచ్చారు.

అక్కణ్ణుంచి నేరుగా, మిర్చి బజ్జీలు కట్టించుకుని, కృష్ణానగర్ వెళ్ళాను. బావ గదిలో ఒక్కడే ఉన్నాడు.

"బావా, ఇయ్యాల ఒక బొంబాయోన్ని ఇంటికి తోలిచ్చిన" అని జరిగిందంతా చెప్పాను.

"ఏం పాటరా అది?" అన్నాడు.

నాకు గుర్తున్న ముక్క కూనిరాగం తీశాను. బావ రెండో లైను అందుకున్నాడు. ఆ నమలడం, ఆ సాగదీత, అచ్చం అదే గొంతు. నా చేతిలో బజ్జీ చేతిలోనే ఉండిపోయింది.

"బొంబాయి ఆయన లెక్కనే పాడు, గప్పుడే ప్రొడ్యూసర్‌కు కొత్తగ అనిపిస్తది అన్నడు ట్రాక్ పాడిచ్చిన సారు. నాలుగు రోజులు ప్రాక్టీస్ చేసిన" అన్నాడు బావ. "ఇంక రెండోది పాడిన ఆ బొంబాయి ఆయనకేమో, పాట రాసినాయన పక్కన కూసొని ఒక్కొక్క మాట నేర్పిచ్చిండు. మంచోడు పాపం, మస్తు కష్టపడ్డడు."

"మరి నాకెందుకు చెప్పలే బావా?"

"చెప్తే మీ అత్త మల్ల లడ్డూలు చేస్తది" అని ఒక బజ్జీ తీసుకున్నాడు. "ఫికర్ చెయ్యకు బామ్మర్ది. బొంబాయోడనుకున్నవంటే నేను మంచిగనే పాడినట్టు."

బావ తిట్టి ఉంటే బాగుండేది. మర్నాడు పొద్దున్నే ఫిల్మ్ నగర్ వెళ్ళి, మొదటి గొంతే బాగుందని, నిన్న నా చెవి సరిగ్గా లేదని ఓనరు గారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. బావ పేరు కూడా చెప్పేశాను. ఆయన మళ్ళీ కాఫీ ఇచ్చారు. "చుట్టరికం బయటపడ్డాక చెప్పే మాట ఎలా తీసుకోమంటారండీ? నిన్న చెప్పిందే నిజమైన అభిప్రాయం" అన్నారు. అభిప్రాయాల గురించి అంతటి నిజం నాతో ఎవరూ అనలేదు, అదీ నా మీదే ప్రయోగించారు. పాట రెండో గొంతుతోనే వచ్చింది. ఊరంతా పాడుకుంది. ఎర్రగడ్డ మార్కెట్లో ఆ పాట వినిపించినప్పుడల్లా కూరగాయలు బేరమాడకుండా కొనుక్కుని పారిపోయేవాణ్ణి.

బావ ఇప్పుడు పిల్లలకు పాట నేర్పుతున్నాడు, వాళ్ళలో ఇద్దరు టీవీలో కూడా పాడారు. నేను వెబ్‌సైటు మానేశాను గానీ నోరు మానలేదు. ఆ క్యాసెట్టు మాత్రం దాచుకున్నాను. మొన్న టేప్‌రికార్డర్ బాగు చేయించి, ఆనాడు నేను ఆపించిన పాటను మొదటిసారి చివరిదాకా విన్నాను. రెండో చరణం ముందు గాలి తీసుకుంటూ చిన్నగా ముక్కు ఎగబీల్చాడు. చిన్నప్పుడు మా ఇంటి పెళ్ళిళ్ళలో మైకు పట్టుకున్న ప్రతిసారీ మా బావ చేసే పనే అది. ఇంకో రెండు నిమిషాలు ఓపిక పట్టి ఉంటే పోల్చుకునేవాణ్ణి. కళ్ళు తుడుచుకున్నాను, సిగ్గేం లేదు.

నిన్న బావ మా ఇంటికి భోజనానికొస్తే ఆ క్యాసెట్టు సంగతి చెప్పాను. టీవీలో ఎవరో కొత్త కుర్రాడు పాడుతుంటే, వీడికి తెలుగు రాదని, వీడిది ఏ ఊరో ఇట్టే చెప్తానని అలవాటు కొద్దీ మొదలుపెట్టాను. బావ పెరుగన్నం కలుపుకుంటూ తలెత్తకుండా, "ఒడవనియ్యిరా. ముక్కు ఎగబీలుస్తడేమో సూడు" అన్నాడు. నోరు మూసుకుని, పాట అయిపోయేదాకా విన్నాను.