మే నెలలో పరచిన గొంగడి

ఎండిన నేల మీద కూడా దయ కురిపించే దేవునికి స్తోత్రం. బిడ్డల తెలివితక్కువతనానికి కోపగించక ఓపిక పట్టే ఆ తండ్రికి మరీ మరీ స్తోత్రం.

తెక్కలకోటలో ఒక చిన్న బడిలో ఆరేళ్లు పంతులుగా ఉన్నాను, పర్మనెంటు కాలేదు. తొంభైల్లో ఒక మే నెలలో, కూరెకుప్ప దగ్గర ఒక కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా చేరమని ఉత్తరం వచ్చింది. సోమవారంలోపు జవాబివ్వాలి. షిఫ్టులు ఆదివారాలు కూడా ఉంటాయట. సండేస్కూలు నడిపేవాణ్ణి, ఆరాధన మానేసి ఎలా పోను అని అందరితో అన్నాను. అక్కడ రిజిస్టర్లన్నీ ఇంగ్లీషులో రాయాలన్న సంగతి మాత్రం ఎవరితోనూ అనలేదు.

దేవుని చిత్తం కనుక్కోమన్నారు సంఘపెద్దలు. కనుక్కునే దారి వాక్యంలోనే ఉంది. పూర్వం ఒక భక్తుడు యుద్ధానికి పోవాలా వద్దా అని కళ్లంలో గొర్రెబొచ్చు పరచి, దాని మీద మాత్రమే మంచు పడితే పోతానన్నాడు. మాకు కళ్లం లేదు. శనివారం సాయంత్రం మా గొంగడిని వాకిట్లో బట్టలుతికే బండ మీద పరిచాను. తడిస్తే ఉద్యోగం, లేకుంటే బడి. మే నెలలో తెక్కలకోటలో మంచు పడదని నాకూ తెలుసు, దేవునికీ తెలుసు.

తెల్లవారి చూస్తే గొంగడి నీళ్లోడుతోంది. ఇక కూరెకుప్పకు పోక తప్పదనుకున్నాను. ఇంతలో ఇంటి ఓనరమ్మ ఖాళీ బకెట్టుతో వచ్చింది.

"ఏం మేష్ట్రే, గొంగడి ఉతికేకి ఏసి మర్సిపోతిరా? కొళాయి వచ్చిండె, నేనే తడిపి పెడితి. సోపు మీరు ఏసుకోండి."

నాకు ప్రాణం లేచి వచ్చింది. "ఇది దేవుడు తడిపింది కాదు," అన్నాను నా భార్యతో.

"ఈ ఊర్లో మంచు యాడిదప్పా? ఓనరమ్మ ఉండాది, ఓనరమ్మను పంపిచ్చినాడు."

"ఆ భక్తుడు రెండోసారి కూడా అడిగినాడు, ఈసారి పొడిగా ఉండాలని."

"అడుగు. ఈ తూరి ఆయమ్మ సోపు కూడా ఏస్తాది. ఇంగ్లీషంటే బయమని నేరుగా ఆయనతోనే చెప్పగూడదా? ఆదివారం మింద ఏల తోస్తావు?"

ఆమెకు ఎప్పుడు తెలిసిందో నేను అడగలేదు. గొంగడి చెరో కొస పట్టుకుని పిండాం. ఆ నీళ్లు పిండుతూ పిండుతూనే నా భయాన్ని దేవుని దగ్గర ఒప్పుకున్నాను. అప్పటిదాకా గుండెలో ఉన్న బరువు కొంచెం తగ్గింది. ఆరాధన నుంచి వచ్చి జవాబు రాశాను, చేరతానని, ఆదివారం పొద్దున మాత్రం వదలమని. మధ్యాహ్నం మొదలయ్యే రెండో షిఫ్టు ఇచ్చారు. రిజిస్టరులో మొదటి పేజీ మూడుసార్లు కొట్టేసి రాశాను. నాలుగోసారి నిలిచింది.

జవాబు రాయాల్సిన ఉత్తరం మీ చేతిలోనూ ఉంటే, నాతో కలిసి ఈ ఒక్క మాట ప్రార్థించండి: తండ్రీ, మేము ముందే ఎంచుకున్న జవాబును నీ నోట పెట్టకుండా మమ్మల్ని కాపాడు. ఆమేన్.