పళ్లెం పడ్డ రోజు

మా ఇంట్లో పగటిపూట ఎవరూ గొంతెత్తి మాట్లాడరు. మా ఆయన పత్రికలు అచ్చేసే ప్రెస్సులో రాత్రి డ్యూటీ చేసి, పొద్దున్నే వచ్చి, మధ్యాహ్నం మూడింటిదాకా పడుకుంటారు. కాలింగ్ బెల్లు తీగ పీకేశాం. కుర్చీ కాళ్లకు గుడ్డలు చుట్టాం. చుట్టాలు కూడా మా గుమ్మంలో చెప్పులతోపాటు గొంతునీ బయటే విడిచి వచ్చేవాళ్లు. అలాంటి ఇంటికి ఆయాని వెతకాల్సి వచ్చినప్పుడు నేను ఒక కాగితం మీద పది ప్రశ్నలు రాసుకున్నాను. మొదటిది, గట్టిగా మాట్లాడతావా అని.

నేను కళ్లద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేస్తాను. "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా?" అని రోజుకి వందసార్లు అడిగే మనిషిని. మనుషుల్ని ఎంచడం నాకో లెక్కా అనుకున్నాను. ఒక్కొక్కరిని ఒక్కో రోజు చూసి, నప్పినవాళ్లని పెట్టుకుందామని నా ఏర్పాటు. బాబుకి అప్పుడు ఎనిమిదో నెల. నా సెలవు ఇంకో వారమే ఉంది.

మొదటి రోజు వచ్చినావిడకి గంట తిరక్కుండానే మైకు అని పేరు పెట్టేశాను. గుమ్మంలో నిలబడి "అమ్మా, లోపలికి రావచ్చా!" అంటే పై అంతస్తులో ఎవరో కిటికీ తీశారు. ఇక నా మొదటి ప్రశ్న అడగాల్సిన పనే లేకపోయింది, కాగితం చూస్తూ మిగతావి అడిగాను. యాభై దాటిన మనిషి. పంతొమ్మిదేళ్లు మరమగ్గాల మిల్లులో చేసిందట. మిల్లు మూతపడ్డాక పిల్లల్ని చూసే పనిలోకి వచ్చి అప్పటికి నాలుగిళ్లు చేసింది.

"మగ్గాల హాల్లో మన మాట మనకే వినపడదమ్మా. చేతులతో మాట్లాడుకునేవాళ్లం. పక్క మనిషిని పిలవాలంటే కాలితో నేలని తన్నాలి. అదురు తగిలితే తిరిగి చూసేవాళ్లు. అక్కడే నా చెవులు సగం పోయాయి, అందుకే ఈ గొంతు. ఏమీ అనుకోకండి" అంది.

అనుకోకుండా ఎలా ఉంటాను? అయినా ఆమె బాబుని ఎత్తుకున్న తీరు చూసి, ఒక్క రోజే కదా అని ఊరుకున్నాను. ఎప్పుడూ ఎదురుగా వచ్చి, వాడి కళ్లలో చూసి, ఆ తర్వాతే చెయ్యి వేసేది.

పదకొండింటికి వంటింట్లో స్టీలు పళ్లెం ఆమె చేతిలోంచి జారింది. బండల మీద పడి, గిరగిరా తిరుగుతూ, నా ప్రాణం తీయడానికన్నట్టు చాలాసేపు మోగింది. మా ఆయన గదిలోంచి వచ్చి, కళ్లెర్రజేసి చూసి, మళ్లీ తలుపేసుకున్నారు. నేను కసిరాను. మైకు నా కసుర్లేవీ పట్టించుకోలేదు. హాల్లో పరుపు మీద కూర్చుని గరిటె నాకుతున్న బాబునే చూస్తూ నిలబడిపోయింది.

సాయంత్రం వెళ్లేముందు, మొదటిసారిగా గొంతు తగ్గించి చెప్పింది.

"బాబు తిరిగి చూడలేదమ్మా. అప్పట్నించి చూస్తున్నాను. వెనకనించి పిలిచాను, చప్పట్లు కొట్టాను. కళ్లముందుకి వస్తేనే నవ్వుతున్నాడు. ఒకసారి డాక్టరుకి చూపించండి."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నీ చెవులు పోయాయని అందరి చెవులూ పోతాయా?" అన్నాను. ఆ మాట అన్న నోటిని ఇవాళ ఏం చేసుకోవాలో నాకు తెలియదు. అంతటితో ఆగానా? బాబుని నేల మీద కూర్చోబెట్టి, వెనకనుంచి చెక్క బీరువా తలుపు ధనామని వేశాను. వాడు ఉలిక్కిపడి తిరిగాడు.

"చూశావా?" అన్నాను, గెలిచినదానిలా.

"అది చెవి కాదమ్మా. నేల అదిరింది. మా హాల్లో మేం తిరిగినట్టే తిరిగాడు."

"రేపు రానక్కర్లేదు" అని తలుపు వేశాను. చప్పుడు కాకుండా వేశాను, ఆయన లేచి చాలాసేపైనా అలవాటు పోదు కదా.

మర్నాడు వచ్చినావిడ నడిస్తే పిల్లి నడిచినట్టుండేది. పది ప్రశ్నలకీ తల ఊపే జవాబిచ్చింది. పెట్టేసుకున్నాను. మంచి మనిషి, ఆమెని ఒక్క మాట అనను. నేనేది కావాలన్నానో అదే ఇచ్చింది. బాబు ఏ చప్పుడుకీ లేవడని, బంగారంలాంటి పిల్లాడని దుకాణంలో అందరికీ చెప్పుకుని మురిసిపోయేదాన్ని.

రెండు నెలల తర్వాత మైకు దుకాణానికి వచ్చింది, చూపు పరీక్షకని. కుర్చీలో కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి చదవమన్నాను. మొదటి వరసలో రెండక్షరాలు చదివి, "బాబుని చూపించారా?" అంది.

"అక్షరాలు చదువు."

చదివింది. కిందివరస దాకా తడుముకోకుండా చదివేసింది. కళ్లద్దాలు అక్కర్లేదని చెబితే, తెలుసన్నట్టు తల ఊపి లేచి వెళ్లిపోయింది. ఆ ఒక్క మాట అడగడానికే రెండు బస్సులు మారి వచ్చిందని నాకు అర్థమైంది. అర్థమయ్యీ వెళ్లలేదు. వెళితే ఆమె మాట నిజమవుతుందేమోనని భయం. నా మొండితనానికి నేను పెట్టుకున్న పేరు తీరిక లేకపోవడం.

ఏడాదిన్నర నిండినా బాబుకి ఒక్క మాట రాలేదు. మగపిల్లలు ఆలస్యంగా మాట్లాడతారని ఎవరన్నా అంటే ఆ మాట పట్టుకుని వేలాడాను. ఇరవై రెండో నెలలో, ఒక ఆదివారం మధ్యాహ్నం, మా భవనంలో మంటల హెచ్చరిక గంట మోగింది. సరిగ్గా మా హాలు గోడకే ఉంది అది. ఆయా చెవులు మూసుకుని కూలబడింది. మా ఆయన మంచం మీంచి దూకి వచ్చారు. గంట కిందే, ఉయ్యాలలో, బాబు నోట్లో వేలేసుకుని నిద్రపోతున్నాడు. మంటలూ లేవు, ఏమీ లేవు, ఎవరో పొరపాటున నొక్కారట. కానీ మేమిద్దరం ఆ ఉయ్యాల దగ్గర్నించి కదల్లేదు.

"పళ్లెం పడ్డ రోజు నేను లేచాను. వీడు తిరిగి కూడా చూడలేదు" అన్నారు ఆయన. ఆయనకీ గుర్తుందన్నమాట.

చెవుల డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, చెవి మిషన్లు పెడదాం, కొంత వినికిడి ఉంది, మాటలు నేర్పించవచ్చు అంది. "ఏడాది ముందు తెచ్చి ఉంటే చాలా తేడా ఉండేది. ఇన్నాళ్లూ ఎవరికీ అనుమానం రాలేదా?" అని అడిగింది.

"లేదండీ" అన్నాను. నా పక్కన మా ఆయన తల దించుకున్నారు.

మిషన్లు పెట్టిన మూడో వారం, బాబుని ఎత్తుకుని మైకుని వెతుక్కుంటూ వెళ్లాను. మూతపడ్డ మిల్లు వెనక వరస ఇళ్లలో చివరిది. బయట కూర్చుని బట్టలు మడతపెడుతోంది. నేను పిలిస్తే పలకలేదు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాక తలెత్తింది. నా మొహం చూసింది, బాబు చెవుల వెనక మిషన్లు చూసింది. అంతా తెలిసిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు రావాలి. నీకు చేతులెత్తి దణ్ణం పెడతాను" అన్నాను. నా పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుని, తల అడ్డంగా ఊపింది.

"నేను పనికిరానమ్మా. నాకిప్పుడు రెండు చెవులూ పూర్తిగా పోయాయి. పక్కగదిలో బాబు ఏడిస్తే తెలియదు. పిల్లాడి ఏడుపు వినపడని మనిషిని ఆయాగా పెట్టుకోకూడదు. మీ కాగితంలో ఆ ప్రశ్న కూడా రాసుకోండి."

ఎగతాళి కాదు, నిజంగానే చెప్పింది. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె బాబుని ఒళ్లోకి తీసుకుని, నీళ్లు తాగమని నాకు లోపల కుండ చూపించింది.

ఆమె అరచెయ్యి వాడి వీపు మీద ఉంది. నేను గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆమె మొహం మారింది.

"వీపు అదురుతోంది. ఏదో అంటున్నాడు. మిమ్మల్ని పిలుస్తున్నాడేమో, పలకండమ్మా!"

"మ్... మ్మ" అంటున్నాడు వాడు. "ఆఁ" అన్నాను, నాకే వినపడనంత మెల్లగా. ఇన్నాళ్లూ గుసగుసలాడిన గొంతు కదా.

"గట్టిగా!" అంది మైకు.

"ఓయ్, నాన్నా!" అని వీధి అంతా వినేలా అరిచాను. నాకు వీపు తిప్పి కూర్చున్న బాబు ఆగాడు. మెల్లగా తల తిప్పి నన్ను చూశాడు.

మైకు వాడి మొహం చూడలేదు. నేలని తన్నానేమోనని ముందు నా కాళ్లవైపు చూసింది. అవి కదల్లేదు.