పావు చుట్టు

ముసురు పట్టిన ఈ పొద్దున బేస్ గిటార్ తీసి లావు తీగ నొక్కితే వేలు నొప్పెట్టింది. తీగ ఎత్తుకు లేచింది. ఉప్పుగాలి ఊళ్ళలో ఇది మామూలే. తేమకు గిటార్ మెడ వంగుతుంది. దాని లోపలున్న ఇనుప కడ్డీని ఆలెన్ కీ అనే చిన్న వంపు కడ్డీతో తిప్పి సరిచేసుకోవాలి. ఆ కీ పట్టుకున్నప్పుడల్లా మస్తాన్ భాయ్ గుర్తుకొస్తారు. వెంటనే సిగ్గేస్తుంది కూడా.

అప్పట్లో నేను జువ్వలదిన్నెలో ఐసు ఫ్యాక్టరీ ఆఫీసులో పనిచేసేదాన్ని. పక్క వాటాలో ఉండే మస్తాన్ భాయ్ వడ్రంగి. ఆయన బిగించిన తలుపు వేలితో తోస్తే కదిలేది, వదిలిన చోట ఆగేది. నెల్లూరులో పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రా వాళ్ళు ఆదివారం వచ్చి వాయించి చూపించమన్నారు. ఆ అవకాశం కోసం రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నాను. నాదేమో ఎవరో వాడి వదిలేసిన గిటార్, మెడ వంగిపోయి ఉంది. ఆయన దగ్గరకు పట్టుకెళ్ళాను.

“నాకు పాట తెలీదు మా, కొయ్య తెలుసు,” అంటూ గుమ్మాన్ని చూసినట్టే ఒక కన్ను మూసి మెడ పొడవునా చూశారు. కీని పావు చుట్టు తిప్పారు. “రేపటిదాకా ముట్టుకోబాక. కొయ్య సర్దుకోవాల.”

ఆగితేగా! ఇంటికొచ్చి నేనే ఇంకో చుట్టు తిప్పేశాను. తెల్లారేసరికి మెడ వెనక్కి వంగి, ఏ తీగ మీటినా జరజరమంది. మళ్ళీ ఆయన దగ్గరకే పట్టుకెళ్ళాను.

“నువ్వేమన్నా ముట్టుకున్నావా మా?”

“లేదు భాయ్.”

ఆయన నమ్మేశారు. “అయితే నేనే ఎక్కువ తిప్పుంటాను,” అని తన చేతివైపు చూసుకున్నారు. మూడు రోజులు పొద్దున్నే పనికి పోయే ముందు వచ్చి, కొంచెం కొంచెంగా వదులు చేసి మెడను దారికి తెచ్చారు. ఆదివారం వాయించాను. ఆర్కెస్ట్రాలోకి తీసుకున్నారు.

మర్నాడు ఎదురింట్లో కొత్త తలుపు బిగిస్తున్నారు. మస్తాన్ భాయ్ ఉలి కింద పెట్టి, కొడవలూరు నుంచి వచ్చిన ఇంకో వడ్రంగితో, “నువ్వు బిగించబ్బా. నా చేతికి అంచనా తప్పతా ఉండాది,” అన్నారు. ఎన్ని వందల తలుపులు నిలబెట్టిన చెయ్యి అది! నా ఒక్క మాటతో దాన్ని ఆయనే నమ్మడం మానేశారు.

వెళ్ళి అందరి ముందే చెప్పాను. “భాయ్, ఆ రోజు నేనే తిప్పినాను. మీకు అబద్ధం చెప్పినాను.”

తిడతారని కాచుకున్నాను. తిట్టినా బాగుండేది.

“ఇన్ని దినాలుగా నాకు అన్నం సయించలేదు మా,” అన్నారు. తర్వాత ఉలి అందుకుని, “రా, ఆ రెక్క పట్టుకో,” అన్నారు. ఆయన మరలు బిగించేదాకా తలుపు మోసుకుని నిలబడ్డాను. ఆ తర్వాత కూడా చాలా రోజులు ఆయన నాతో ముక్తసరిగానే మాట్లాడారు. అది నాకు న్యాయంగానే తోచింది.

ఇప్పటికీ ఆర్కెస్ట్రాలో వాయిస్తున్నాను. ఒక్కోసారి నా వల్ల తాళం జారుతుంది. పక్కన డ్రమ్స్ వాయించే అతను తప్పు తనదేమోనని చేతులు చూసుకోబోతాడు. నేనది చూడలేను. పాట ఆగినా సరే, “నాదే అన్నా, నేనే తప్పినాను,” అని ముందే కేకేసి చెప్పేస్తాను.